పైపులకు బొంతలు

మొన్న పొద్దున కొట్టు తలుపు తీసి ఇంకా కుర్చీ దుమ్మయినా దులపలేదు, ఒకాయన జానెడు పైపు ముక్క చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. మా వ్యాపారంలో ఇది మామూలే. కొనేవాళ్లకు సైజు నోటితో చెప్పడం రాదు. పాతది కోసుకొచ్చి బల్ల మీద పెట్టి ఇట్లాంటిది కావాలంటారు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, విచారంగా తల ఊపుతాను. దొరకడం కష్టమని వాళ్లు అనుకోవాలి గదా. వెనక గూట్లో అవి గంపెడు ఉంటాయి.

ఆ రోజు తల ఊపడం మరిచిపోయాను. పైపు ముక్క మీద గుడ్డ ఉంది. చుట్టిన గుడ్డ కాదు, కుట్టిన గుడ్డ. పైన గోధుమరంగు కంబళి, లోపల అరబ్బుల పాత పొడుగుచొక్కా, తోబు అంటారు, దాని తెల్లబట్ట, రెంటి మధ్యన దూది. మూడింటినీ కలిపి ఎర్ర దారంతో, వేలి కణుపంత ఎడంలో వరసలు వరసలుగా కుట్టిన బొంత. చంటిబిడ్డకు చొక్కా తొడిగినట్టు పైపుకు అతుక్కుని ఉంది. ఈ తురైఫ్ ఊళ్లో, ఆ మాటకొస్తే ఈ సౌదీ మొత్తంలో, అట్లా కుట్టే చెయ్యి ఒక్కటే ఉండేది. పోయిన చలికాలం ఆ చెయ్యి మట్టిలో కలిసింది.

వచ్చినాయన, ఆ చెయ్యి కాపలా ఉన్న ఇంటికే కొత్తగా చేరిన కాపలామనిషి. జగిత్యాల దిక్కు మనిషినన్నాడు. నా తెలుగు వినగానే ముఖం విప్పారి, అడగకుండానే అన్నీ చెప్పుకొచ్చాడు. పని సులువట, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీలు, మంచోడట, మేడ మీద గది ఇచ్చాడట.

"రూము మస్తు ఎచ్చగుంటది అన్నా. మూలకు మడిచిపెట్టిన పెద్ద బొంత దొరికింది, తలుపుకు కట్టిన. ఒక్క సందు లేదు. ఇంత నిప్పు పెట్టుకుంటే ఇగ సలి అన్న ముచ్చటే లేదు."

ఆ గదిలో కుంపటి పెట్టొద్దన్నాను. ఆయన నవ్వాడు.

"పొగ రాదన్నా. ఒట్టి నిప్పే."

ఇదే మాట, ఇంచుమించు ఇదే నవ్వుతో, పోయిన చలికాలం ఆ మేడ మీది గదిలోనే విన్నాను. మాట చెప్పి లాభం లేదని అప్పుడే తెలిసింది. అందుకని ఇంకేమీ అనకుండా ఆయనడిగిన, పైపు మలుపుకు వేసే ఎల్బో ఇచ్చి, మధ్యాహ్నం నేనే మేడ మీదికి వస్తానని, ఆ పైపు ముక్క ఇక్కడే ఉంచమని చెప్పి పంపాను. ఆయన పోయాక బేరమాడలేదని గుర్తొచ్చింది. ఇద్దరం మరిచిపోయాం.

పోయినాయన పేరు రాయను. బతికుండగా ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు. మన తెలుగువాళ్లందరికీ ఆయన బొంతల మామ. నాకు ఒట్టి మామ. నేను ఆయనకు శెట్టిని. ఆ "శెట్టీ" అనే పిలుపులో ఎప్పుడూ చిటికెడు ఉప్పు ఉండేది.

కదిరి పక్క పల్లెలో, నూర్‌బాషాల ఇంట పుట్టిన మనిషి. తాతముత్తాతలు ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టినవాళ్లు. ఈయన సౌదీకి వచ్చి చాలా పనులు చేసి చివరికి ఈ ఊళ్లో ఒక ఇంటి కాపలాకు కుదిరాడు. ఏ పని చేసినా నెత్తిన తెల్లటోపీ అంచుకు పొడుగాటి సూది ఒకటి గుచ్చి ఉండేది. ఆలోచనలో పడితే సూది తీసేవాడు, ఆలోచన తెగితే మళ్లీ గుచ్చేవాడు. సూది చేతిలో ఉండగా ఆయనతో బేరం మొదలుపెట్టకూడదని నేను త్వరగానే నేర్చుకున్నాను.

నాది ప్రొద్దుటూరు. మా నాయనది ఇత్తడి సామాన్ల అంగడి, మేనమామలది కిరాణా, అటు చిన్నాయనది బట్టల కొట్టు. నేను పుట్టినప్పుడు మా నాయన మంత్రసానితో బేరమాడాడనీ, మగబిడ్డ అని తేలగానే ఆమె రేటు పెంచిందనీ మా అవ్వ చెప్పేది. రియాదులో బతా బజారులో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడి అంగళ్లవాళ్లు నన్ను దూరం నుంచి చూసి, బేరం ఎందుకని టీ తాగించి పంపేసేవాళ్లు. బట్టతల వచ్చాక కూడా మంగలి దగ్గర సగం తలకు సగం ఇస్తానని గొడవపడ్డ చరిత్ర నాది. అట్లాంటి నన్ను ఆయన మొదటిరోజే ఓడించి కూర్చోబెట్టాడు.

ఒక వాల్వు కోసం వచ్చాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, జబ్బుపడ్డ మేకపిల్లను చూసినట్టు జాలిగా చూశాడు. ధర అడిగి, నిట్టూర్చి, బల్ల మీద పెట్టి, వాకిలి దాకా పోయాడు. అక్కడ వంగి చెప్పు సర్దుకోవడం మొదలుపెట్టాడు. కొనేవాణ్ని వెనక్కి పిలవడానికి అంగడివాడికి ఇచ్చే వ్యవధి అది. ఆ విద్య మా ఇంటిది. నేను కూడా అట్లాగే వంగి చెప్పు సర్దుకునేవాణ్ని. కాబట్టి పిలవలేదు. ఆయన సర్దుకుంటూనే ఉన్నాడు. నేను లేని లెక్కలు చూస్తూనే ఉన్నాను. చివరికి వంగినవాడు వంగినట్టే తల మాత్రం తిప్పి, "నడుము పట్టేసింది శెట్టీ, లేపు రా" అన్నాడు. లేపడానికి పోయాను. లేపాక, చెయ్యి పట్టుకున్న మనిషిని కాదనడం ఎట్లా? వాల్వు ఆయన చెప్పిన ధరకే పోయింది. నడుముకు ఏ జబ్బూ లేదని తర్వాత ఆయనే చెప్పాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. మనకేమీ వినబడేది కాదు. ఆయన లేచిపోయి కొట్టు వెనక చుక్కలు కారుతున్న కుళాయిని బిగించి వచ్చి, తెగిన మాట దగ్గర్నుంచే మళ్లీ అందుకునేవాడు. మెస్సులో, మసీదు ముందు, పక్కవాళ్ల ఇళ్లలో, ఎక్కడయినా అంతే. వాళ్ల పల్లెలో బోర్లన్నీ ఎండిపోయిన కాలంలో ఆయన పెళ్లాడాడట. కొత్తకోడలు అత్తవారింటికి వచ్చిన మొదటిరోజే బిందె పట్టుకుని రెండు ఊళ్ల అవతలికి నడిచిందట. "ఆ బిందెలో నీళ్లు ఒలికినాయని మా యమ్మ ఆయమ్మిని తిట్టింది శెట్టీ. నేను పక్కనే ఉండా, ఏమీ అనలేదు" అని ఒకసారి చెప్పాడు. చెప్పి సూది తీశాడు.

ఇక్కడి చలి సంగతి మనవాళ్లు నమ్మరు. తురైఫ్ దేశానికి నెత్తిన ఉంది, జోర్డాను సరిహద్దు పక్కన. ఇక్కడ నీళ్లు గడ్డకట్టాయని ఇంటికి ఫోను చేసి చెబితే, ఎడారిలో మంచేమిటి, ఏం తాగావని మా ఆవిడ అడుగుతుంది. ఇళ్లు కట్టినవాళ్లు కూడా నమ్మినట్టు లేరు. ఎండనే తలచుకుని కట్టారు. ట్యాంకు మేడ మీద, పైపులు గోడ బయట, అన్నీ ఆకాశం కింద. శాం దేశం, అంటే సిరియా, వైపు నుంచి ఆ పొడిగాలి దిగిన వారం, పైపులో నీళ్లు గడ్డకట్టి ఉబ్బి, పైపును నిలువునా చీలుస్తాయి. చీలినట్టు ఎవరికీ తెలియదు. మంచే అడ్డుపడి ఉంటుంది గదా. పొద్దెక్కి ఎండ తగిలి అది కరిగాక, అప్పుడు ఇంట్లోకి వరద. దెబ్బ తగిలేది ఒకప్పుడు, నెత్తురు వచ్చేది ఇంకొకప్పుడు.

మామ పోవడానికి ముందటేడు చలికాలం, ఆయన కాపలా ఉన్న ఇంట్లో అదే జరిగింది. కఫీలు ముసలితల్లి గదిలోకి నీళ్లొచ్చి తివాచీలన్నీ పోయాయి. ఆమె జారిపడి చాలారోజులు మంచం మీద ఉంది. కఫీలు అరవలేదు. ఆరిన తర్వాత ఒకరోజు, సగం నవ్వుతూ, సగం నిజంగా, ఒక మాట అన్నాడట: ఈసారి ఒక్క పైపు కూడా పగలకుండా చలి దాటిస్తే, రంజానుకు నీ భార్యను మక్కాకు, ఉమ్రా యాత్రకు, నా ఖర్చుతో పిలిపిస్తాను. మళ్లీ పగిలితే నిన్ను ఇంటికి పంపేస్తాను.

ఇక ఆయనకు పైపులు తప్ప వేరే లోకం లేకుండా పోయింది. ఊళ్లో ఉన్న ఆయన ఇల్లాలు కదిరి దాటి ఎరగదు. మక్కా బొమ్మ ఉన్న ఒక పాత క్యాలెండరు చింపి గోడకు అతికించుకుందట. ఆయన రోజూ ఫోను చేసి పైపుల క్షేమసమాచారం చెప్పేవాడు. వంటింటి పైపు "చిన్నది", ముసలామె గదికి పోయేది "పెద్దామె", ట్యాంకు నుంచి దిగే లావుపాటిది "అల్లుడు". అల్లుడికి ఎప్పుడూ ముందు మర్యాద చెయ్యాలట. పైపు పక్కన పోతూ మునివేళ్లతో కాక చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. నా కొట్టుకొచ్చినా ముందు గోడ పైపును అట్లా తాకి, తల ఆడించి, ఆ తర్వాతే కూర్చునేవాడు.

చలి దిగకముందే కుట్టు మొదలుపెట్టాడు. ఇంట్లో పారేసిన కంబళ్లు, చిరిగిన తోబులు, పాత పరుపుల్లో దూది. ఆ దూదిని చేత్తోనే విప్పి, మబ్బుతునకల్లా చేసి పరిచేవాడు. చిన్న దారంముక్క కూడా పారేసేవాడు కాదు. టోపీ అంచుకే చుట్టుకునేవాడు. కుట్టిన ప్రతి బొంతనూ తెచ్చి నాకు చూపించేవాడు, అమ్మడానికి కాదు, గొప్పకు. వాళ్ల ఊళ్లో బొంత కొనేవాళ్లు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తారని, ఎక్కడయినా చుక్క వెలుతురు కనబడితే అక్కడ దూది పలచనయినట్టని, ఆ చుక్క మీద వేలు పెట్టి బేరం మొదలుపెడతారని చెప్పాడు. తన చేతి బొంతలో వేలు పెట్టే చోటు దొరకదట. "చూడు శెట్టీ. చూడు, నీ కండ్లు అంగడి కండ్లు గదా." ఎత్తి చూశాను. నాకు రెండు చుక్కలు దొరికాయి. దూరపు కుట్ల మధ్య, ఆవగింజంత. వేలు పెట్టి చూపించాను. ఆయన ముఖం నల్లబడింది. ఆ బొంత విప్పి మళ్లీ కుట్టాడని తర్వాత తెలిసింది.

నా దగ్గర పైపులకు తొడిగే నల్ల రబ్బరు తొడుగులున్నాయి. పైపు చుట్టూ చుట్టి కరెంటు పెడితే కొద్దిగా వేడినిచ్చే తీగ ఉంది. అమ్మాలనే ఆశతో అన్నానో, నిజంగానే అన్నానో విడదీసి చెప్పలేను. మా ఇంట్లో ఆ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఏదయితేనేం, చెప్పాను. బొంత వేడి పుట్టించదు మామా, ఉన్న వేడిని నిలబెడుతుందంతే. మనిషికి ఒంట్లో వేడి ఉంది, నీళ్లకు ఎక్కడిది? ఆయన చాలాసేపు సూది తిప్పాడు.

"సచ్చినోనికి బొంత కప్పితే ఎచ్చబడడు, అంతేనా నువ్వనేది?"

అంతే అన్నాను.

"మరి నీళ్లు సచ్చినాయా? పారేటివే గదప్పా."

పారితే గడ్డకట్టవు, అందుకే చలి ముదిరినప్పుడు ఒక కుళాయిని సన్నటి ధారగా వదిలెయ్యి, అది చాలు, దమ్మిడీ ఖర్చు లేదు అన్నాను. అమ్మకాలు మానేసి మరీ చెప్పాను, అది రాసిపెట్టుకోవాలి. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. కన్నబిడ్డను వీధిలో వదిలెయ్యమన్నట్టు చూశాడు.

"నీళ్లు పారబోసి ఇల్లు కాపాడుకునేదా? ఆయమ్మికి తెలిస్తే నా ముఖం చూస్తాదా?"

కరెంటు తీగ కూడా పడలేదు. ఆ ఇంటి మేడ మీది వైరింగు పాతది. హీటరు పెట్టినప్పుడల్లా కింద ఇల్లంతా చీకటి అయ్యేది. కఫీలు హీటరు తీసేయించాడు. తీగకు అంత కరెంటు అక్కర్లేదని నేనంటే, శెట్టి మాట నమ్మి నేను కింద చీకటి చెయ్యనన్నాడు మామ.

ఒక శుక్రవారం అన్నం తినడానికి రమ్మంటే మేడ మీది గదికి పోయాను. అప్పుడు అర్థమయింది ఆయన పైపుల మధ్య కాపురం చేస్తున్నాడని. ట్యాంకు నుంచి వచ్చే పైపులన్నీ ఆ గది గోడలోంచి దూరి, మంచం పక్కగా పోయి, అక్కణ్నుంచి కిందికి దిగుతున్నాయి. అన్నిటికీ బొంతలు. గదిలో నలుగురు మనుషులు కంబళ్లు కప్పుకుని గోడకు ఆనుకుని నిలబడినట్టుంది. ఉన్న చిన్న కిటికీకి కూడా బొంతే, మేకులతో బిగించి. మధ్యన కుంపటి, దాని మీద బూడిద కప్పిన నిప్పులు. ఆయన ఒళ్లో పెద్ద బొంత ఒకటి సగం కుట్టి ఉంది. తలుపుకట. తలుపు కింద నుంచి వచ్చే గాలే అల్లుడి మెడ కొరుకుతోందట.

నిప్పు ఎక్కడిదని అడిగాను. కింద పెరట్లో కఫీలు, ఆయన బంధువులు గుడారంలో మంట వేసుకుని సాయంత్రాలు కూర్చుంటారు. వాళ్లు లేచిపోయాక బొగ్గులు అట్లాగే ఆరిపోతాయి. ఎర్రగా, పనికొచ్చే నిప్పు, ఊరికే బూడిద కావడం ఆయనకు చూడబుద్ధి కాలేదు. పళ్లెంలో ఎత్తుకొచ్చేవాడు. చలికాలం వస్తే అందరి ఫోన్లకూ హెచ్చరిక వస్తుంది గదా, మూసిన గదిలో బొగ్గు పెట్టొద్దని. అది చదివి వినిపించాను. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అది పొగ సంగతి శెట్టీ. పొగంతా కింద పెద్దోళ్ల ముందరే పోయింటాది. నేను పైకి తెచ్చేది ఒట్టి నిప్పు."

అది పొగ కాదు మామా, బొగ్గు విషగాలి, కంటికి కనబడదు, వాసన రాదు అన్నాను. కనబడనిదీ వాసన రానిదీ నాకు అమ్మజూస్తాండావా అని నవ్వాడు. నేనూ నవ్వాను. వాకిట్లో ఒక బూడిదరంగు పిల్లి, బండ మీద, చలిలో ముడుచుకుని కూర్చుని ఉంది. లోపలికి రమ్మని ఎంత పిలిచినా రాలేదు. ఇంతకుముందు ఈ మంచం మీదే పడుకునేదట, ఈ మధ్య గడప తొక్కడం లేదట. "కూడు పెట్టినా విశ్వాసం లేదు చూడు" అని విసుక్కున్నాడు. అన్నం తిని మెట్లు దిగుతుంటే నా తల బరువుగా, కణతలు పగిలేటట్టు నొప్పి. మామ కూరలో కారం ఎక్కువయిందనుకున్నాను. వీధిలోకి వచ్చి గాలి తగిలాక తగ్గింది. అప్పుడు వెనక్కి తిరిగి మేడ వైపు చూశాను. మళ్లీ ఎక్కి, తలనొప్పి సంగతి చెప్పి, తలుపు తెరిచే ఉంచమన్నాను. సరే సరే అన్నాడు. ఆయన మాటను ఎంత నమ్మాలో వాల్వు రోజునే నాకు తెలిసింది.

రంజాను దగ్గర పడుతుండగా ఆ గాలి దిగింది. ఊళ్లో పాతకాపులే ఇంత చలి చూడలేదన్నారు. వీధి కుక్కలు కూడా నోరెత్తలేదు. మొదటిరోజే నా కొట్టు ముందు చీలిన పైపు ముక్కలు పట్టుకుని జనం. రెండోరోజు ఆయన వచ్చాడు. కూర్చోలేదు. గోడ పైపును తాకలేదు. అల్లుడి ఒళ్లు చల్లబడిందని, బొంత మీద చెయ్యి పెడితే రాయి మీద పెట్టినట్టుందని, లోపల ఏదో కిచకిచమంటోందని చెప్పాడు. కుళాయి వదలమని మళ్లీ అన్నాను. వినబడనట్టే ఉన్నాడు. తలుపు బొంత ఈ పూటతో అయిపోతుంది, ఇక గది మూత పెట్టిన కుండే అన్నాడు. పోతూ పోతూ వాకిలి దగ్గర వంగి చెప్పు సర్దుకున్నాడు. ఏమీ కొననే లేదు, దేనికి సర్దుకున్నాడో. నేను పిలిచాను కూడా. కొట్టు నిండా మనుషులు, ఒకడి తర్వాత ఒకడు నా చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. తల ఎత్తేసరికి లేడు.

తర్వాతిరోజు పొద్దున ఆ వీధి మొత్తంలో నీళ్లు వచ్చిన ఇల్లు అదొక్కటే. ముసలామె నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూ చేసుకోవడానికి కుళాయి తిప్పితే ధార కట్టిందట. ఇరుగుపొరుగు బకెట్లు పట్టుకుని వచ్చి నింపుకుపోయారట. ముసలామె సంతోషపడి, వేడి రొట్టెలు, టీ పళ్లెంలో పెట్టించి మేడ మీదికి పంపింది. తలుపు ఎంత నెట్టినా రాలేదు. లోపల బొంత అంత గట్టిగా బిగిసి ఉంది.

మంచం మీద ఆయన పడుకున్నట్టే ఉన్నాడని కఫీలు చెప్పాడు. ముఖం మంచి రంగులో ఉందట. ఒక చెయ్యి అల్లుడి మీద ఉంది, వెనకవైపు తిప్పి.

ఆ కబురు నాకు అందేసరికి మధ్యాహ్నం. ఆ సంవత్సరానికంతా గొప్ప వ్యాపారం జరుగుతున్న రోజు. చేతిలో ఎవరిదో పైపు ముక్క ఉంది. దాన్ని పట్టుకునే శ్మశానం దాకా పోయాను. నాది వేరే మతం కాబట్టి గోడ బయట నిలబడ్డాను. నేల గట్టిపడి గొయ్యి తవ్వడానికి చాలాసేపు పట్టింది.

రెండుమూడు రోజులకు కఫీలు నా కొట్టుకు వచ్చాడు. ఆ ఇల్లాలితో మాట్లాడాలి, తెలుగు చెప్పేవాళ్లు కావాలి. పెద్దమనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాను ఇచ్చిన మాట అట్లాగే ఉందని ఆమెకు చెప్పమన్నాడు. ఫోను కలిపాను. ఎవరో చుట్టాలమ్మాయి ఎత్తి ఆమెకిచ్చింది. నేనెవరో చెప్పాను. శెట్టి అనగానే గుర్తుపట్టింది. నేను కఫీలు మాట చెప్పబోయే లోపలే ఆమె అడిగింది.

"నాయనా, ఆ ఇంట్లో పైపులు పగిలినాయా?"

"లేదమ్మా. ఒక్కటి కూడా పగల్లేదు."

 ఎక్కడో బకెట్టులో నీళ్లు పడుతున్నట్టు వినబడింది. ఆమె ఫోను కొంచెం పక్కకు పెట్టి, "కొళాయి కట్టెయ్యండే, నిండింది" అన్నది. నీళ్ల చప్పుడు ఆగింది.

"అయితే ఆయప్ప మాట చెల్లించినట్టే గదా."

"చెల్లించాడమ్మా."

కఫీలు మాట అప్పుడు చెప్పాను. రంజాను నాటికి తాను ఇద్దత్తులో, భర్త పోయిన నాలుగు నెలల మైలలో, ఉంటానని, గడప దాటకూడదని చెప్పింది. ఆ మాట అరబ్బీలో చెబితే కఫీలు నేల చూశాడు. మాటకు గడువు లేదు, వచ్చే రంజానుకు రమ్మను అన్నాడు. ఈసారి కాగితాలు కదిలాయి. కదిరి నుంచి ఆడవాళ్ల గుంపుతో వస్తోంది. మక్కా అయ్యాక తురైఫ్ కూడా తీసుకుపోతారా, ఆయన ఉన్న గది చూడాలి అని అడిగింది.

ఆ గదికి మొన్న మధ్యాహ్నం పోయాను. కొత్తాయన ఉల్లిగడ్డలు కోసుకుంటున్నాడు. కుంపటి మూలలో ఉంది, బూడిదతో. తలుపుకు ఆ బొంత. సూర్యుడు ఇంకా పైన ఉండగానే గాలి మారిపోయింది, చెవులు కొరుకుతోంది. ఆ రాత్రికి గడ్డకడుతుందని ఫోను పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది.

మామ ఏ గదిలో, ఏ తలుపు వెనక, దేనివల్ల పోయాడో అంతా చెప్పాను. ఈ మంచమే అన్నాను. ఆస్పత్రిలో పోయాడని చెప్పారే అని ఆయన లేచి నిలబడ్డాడు. మంచం వైపు చూశాడు, కుంపటి వైపు చూశాడు. తర్వాత మెల్లగా కూర్చుని కత్తి అందుకున్నాడు.

"ఆయనకు వయసయింది గదన్నా. నేను జర కిటికీ తెరుస్త తియ్."

కిటికీకి ఇంకా ఆ మేకులే ఉన్నాయి.

ఇక చెప్పి లాభం లేదు. నాకు వచ్చిన విద్య ఒక్కటే. సంచీలోంచి కరెంటు తీగ చుట్ట తీసి మంచం మీద పెట్టాను. పైపుకు ఇది, నీకు ఈ చిన్న హీటరు, కింద చీకటి కాకుండా వైరింగు మార్చే మనిషిని రేపు నేను పంపిస్తాను. ఈ పాత బొంతలు, ఆ కుంపటి నాకిచ్చెయ్ అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు. ఎవడయినా కొత్త సామాను ఇచ్చి పాత గుడ్డలు అడిగితే ఆ గుడ్డల్లో ఏదో ఉందని అర్థం. నేనయినా అట్లాగే అనుకునేవాణ్ని. కిటికీది ఇస్తా, తలుపుది ఇయ్యనన్నాడు. నేను తీగ చుట్ట సంచీలో వేసుకుని, లేచి, గడప దగ్గర వంగి చెప్పు సర్దుకున్నాను. ఒక పక్క సర్దుకున్నాను, ఇంకో పక్క సర్దుకున్నాను. నడుము నిజంగానే పట్టేసింది.

"సరే తీస్కపో సేటూ" అన్నాడు.

మేకులు నేనే పీకాను. చలి ఆబగా లోపలికి వచ్చింది. దిగబోతూ, రాత్రికి కింద వంటింటి కుళాయి సన్నగా వదిలెయ్యమని చెప్పాను. నీళ్లు దండగ గదా అన్నాడు. దండగే, వదిలెయ్ అన్నాను. భుజాన బొంతలు, చంకలో కుంపటితో నేను వీధిలో పోతుంటే, వేరుకాపురం పెట్టడానికి పోతున్న కొత్త కోడలిలా ఉన్నానని దారిలో టైలరు నవ్వాడు.

కొట్టుకొచ్చి తలుపు బొంతను బల్ల మీద పరిచాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆమె వస్తుంది, ఆయన వస్తువులేమయినా ఉన్నాయా అని అడుగుతుంది. దూది ఇంటి కోడలు. ఇది చేతికిస్తే ముందు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ పని ఆమె కంటే ముందు నేనే చేద్దామని, వాకిట్లో ఇంకా ఎండ ఉండగానే, బొంతను రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టాను. పై కొస నుంచి కింది కొస దాకా, కుట్టు వెంట కుట్టు చూశాను. చూసింది అంగడి కళ్లే.

బేరమాడడానికి వేలు పెట్టే చోటు ఒక్కటి కూడా దొరకలేదు.